లక్ష్మి వేషం

"నడుము అట్ల కర్రలెక్క పెట్టకు బిడ్డా. జెర వొంచు. కుడికాలు ముందటికి పడ్డప్పుడు మెడ ఎడమదిక్కు తిరగాలె. చూడు," అని నన్నే సాహెబ్, లేని కొంగును భుజం మీదికి సర్దుకుని, స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి చూపించాడు. నలభై దాటిన మనిషి. కాలేజీ లైబ్రరీలో గుమాస్తా. షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకునే ఉన్నాడు. అయినా ఆ నడకలో నవ్వదగ్గది ఏమీ లేదు. నడిచినంతసేపూ అక్కడొక ఆడమనిషి ఉన్నట్టే ఉంది.

అదే కాలేజీలో చదివే రోసమ్మ కూడా నడిచింది. సగందూరం పోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగిపోయింది.

"నవ్వొస్తుంది సాబ్. మా అమ్మ గిట్ల నడవది. మా సీతాఫల్‌మండిల ఎవ్వలూ గిట్ల నడవరు."

"మీ అమ్మ నడక చూడనీకె టికెట్ కొనుక్కొని ఎవరన్న వస్తరా?"

"రారు," అని ఒప్పుకుంది ఆ పిల్ల. "రైల్వే దవాఖానల ఆయా గద సాబ్. చూస్తె ఉరుకుతరు."

నన్నే సాహెబ్‌కు నవ్వు రాలేదు. సెప్టెంబరు నుంచీ నవ్వు తక్కువైంది ఆయనకు. పోలీస్ యాక్షన్ అయిపోయి ఐదు నెలలైంది. ఈ హాల్లో బస చేసిన మిలిటరీవాళ్లు వెళ్లిపోయారు గానీ, తుపాకులు తగిలించడానికి గోడకు కొట్టిన మేకులు ఇంకా అట్లాగే ఉన్నాయి. పొద్దున లేస్తే ఒళ్లు బరువు. కాలేజీకి నడిస్తే బరువు. ఇప్పుడు తన వేషాన్ని ఇంకొకరికి నేర్పడం అన్నింటికంటే బరువు.

లక్ష్మి వేషం ఆయనదే కావాలి న్యాయంగా. సికింద్రాబాదులో యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో స్టేజీ అనదగ్గ స్టేజీ ఈ హాల్లోనే ఉంది. ఏటా యూనివర్సిటీ నాటకాలు ఇక్కడే ఆడతారు. అది ఉర్దూ నాటకం కానీ, తెలుగు నాటకం కానీ, నాయిక నన్నే సాహెబే. ఆడవేషం మగవాడు కట్టడం అందరికీ అలవాటే. ఆయన కట్టడం మాత్రం అలవాటు కాదు, పండగ. ఏడుపు పద్యం ఎత్తుకున్నాడంటే "వన్స్ మోర్" అని కుర్చీలు విరగ్గొట్టేవాళ్లు పిల్లలు. పైన బాల్కనీలో వెదురు తెరల వెనక కూర్చునే ఆడవాళ్లు, ఆ గాజులు ఎక్కడ కొన్నాడో కనుక్కు రమ్మని మనిషిని పంపేవాళ్లు.

ఈ ఏడు నాటకం రాసింది తెలుగు లెక్చరరు బ్రహ్మచారి. నిరుడు నిజాం సర్కారు ఆయన మేనల్లుణ్ని సత్యాగ్రహం చేశాడని జైల్లో వేసింది. అది గుండెల్లో పెట్టుకుని రాశాడు. జైలు పాలైన చేనేత పనివాడు, వాడికి అన్నం పట్టుకుపోయే భార్య లక్ష్మి. మంచి నాటకమే. నన్నే సాహెబ్ లైబ్రరీలో కూర్చుని చదివి, జైలు గేటు ముందు పద్యం దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. ఆ మర్నాడే బ్రహ్మచారి వచ్చి, వేళ్లకంటిన సుద్ద చూసుకుంటూ, "ఈసారి ఆడవేషాలు ఆడపిల్లలకే ఇయ్యమంటున్నరు నన్నే సాబ్. కొత్త రోజులు గద. ఆ పిల్లకు మీరే జెర నేర్పాలె," అన్నాడు.

కొత్త రోజులే. కానీ అదే నాటకంలో అత్తగారి వేషం పర్వతాలు అనే ఇంటరు కుర్రాడిది. వాడికి మీసం కూడా వస్తోంది. కొత్త రోజులు నన్నే సాహెబ్ దగ్గరికి వచ్చి ఆగిపోయాయన్నమాట. పెద్ద ఆఫీసరు చూడడానికి వస్తున్నాడు, ప్రోగ్రాం కాగితం మీద ఈ పేరు ఉండకూడదు, అంతే సంగతి. అది ఆయనకు తెలుసు. తెలుసునని బ్రహ్మచారికీ తెలుసు. "అట్లనే సార్," అన్నాడు. కాదంటే లైబ్రరీలో కుర్చీ ఉంటుందో లేదో.

"ఇప్పుడు జైలుగేటు," అన్నాడు రోసమ్మతో. "సిపాయి 'పో' అంటడు. నువ్వు రెండు చేతులు నెత్తిన పెట్టుకొని, ఇట్ల తిరిగి, పద్యం ఎత్తుకుంటవు. ఆఖరుకు మూర్ఛ."

"గిన్నె చేతుల ఉంటది గద సాబ్?"

"కింద పడేస్తవు. ఆ చప్పుడుకే హాలంత చల్లబడతది."

"గిన్నెల బువ్వ ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే."

"అయితె పారబోస్తదా? మొగనికి తెచ్చిన బువ్వ?"

నన్నే సాహెబ్ చాలా వేషాలు కట్టాడు, చాలా గిన్నెలు పడేశాడు. ఈ మాట ఎవరూ అడగలేదు. "నాటకంల గంతే," అని విసుక్కున్నాడు.

*

ఆదివారం నాడు భార్య ఖాసింబీకి జ్వరం తగిలింది. ప్రతి ఆదివారం తోడికోడలు బానోను వెంటబెట్టుకుని జైలుకు పోయేది ఆమె. నన్నే సాహెబ్ ఒక్కసారీ పోలేదు. డ్యూటీ అనేవాడు. ఆదివారం లైబ్రరీ తెరవరని భార్యకు తెలియకపోలేదు, పాపం ఏమీ అనేది కాదు. నిజం చెప్పాలంటే భయం. ఆ గేటు ముందు తన మొహం ఎవరైనా గుర్తుపెట్టుకుంటారేమోనని భయం.

లోపల ఉన్నది తన సొంత తమ్ముడు, బానో మొగుడు ఇమామ్. దర్జీ. రజాకార్లకు యూనిఫాంలు కుట్టాడని ఎవరో చెప్పారు, పట్టుకుపోయారు. కుట్టిన మాట నిజమే. అంతకుముందు పోలీసులకు కుట్టాడు, రైల్వేవాళ్లకు కుట్టాడు, అన్న స్టేజీ మీద తొడుక్కునే రవికలు కూడా వాడే కుట్టాడు. బట్ట తెచ్చి ఇచ్చినవాడికల్లా కుట్టడం తప్ప ఇంకేం తెలియదు వాడికి.

"ఇయ్యాల నువ్వు పో," అంది ఖాసింబీ దుప్పట్లోంచి. ఇక తప్పలేదు.

మోండా మార్కెట్ వెనక సందులోంచి బయల్దేరి, కంటోన్మెంటు దాకా నడిచారు. బానో బురఖా కింద టిఫిన్ డబ్బా పట్టుకుని ముందు నడుస్తోంది. ఆమె మాట్లాడడం మానేసి చాలా రోజులైంది. ఇంట్లో అందరూ దానికి అలవాటుపడిపోయారు.

గేటు దగ్గర అప్పటికే పది పదిహేనుమంది ఆడవాళ్లు ఉన్నారు. సిపాయి ఎవరి మొహమూ చూడకుండా, "ఇయ్యాల తీసుకోం. పొండి, పొండి," అన్నాడు.

నన్నే సాహెబ్ వెంటనే వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక చూస్తే పక్కన బానో లేదు. ఏ ఒక్కరూ కదల్లేదు. నెత్తి కొట్టుకున్నవాళ్లు లేరు, బతిమాలినవాళ్లు లేరు. సిపాయి నిలబడే చెక్కగది నీడ నేల మీద సన్నగా పడి ఉంది. ఒక్కొక్కరే వచ్చి తమ గిన్నె ఆ నీడలో వరసగా పెట్టి, తాము మాత్రం ఎండలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. బానో కూడా డబ్బా పెట్టి వచ్చి కూర్చుంది.

"తీసుకోమంటున్నరు గద. పోదామా?" అన్నాడు గొంతు తగ్గించి.

"కూసోండి భాయ్‌సాబ్."

కూర్చున్నాడు. మగవాళ్లలో తనొక్కడే. ఎండ మాడ్చేస్తోంది. నీడ జరిగింది. ఒక ముసలామె లేచి, గిన్నెలన్నింటినీ ఒక్కొక్కటే నీడలోకి జరిపి మళ్లీ వచ్చి కూర్చుంది. ఎవరి గిన్నె ఏదని చూడలేదు. ఇంకాసేపటికి మళ్లీ నీడ జరిగింది. ఈసారి బానో లేచింది. "ఎండ తాకితే పప్పు పులుస్తది," అంది, ఎవరితోనో అన్నట్టు.

మధ్యాహ్నం దాటింది. ఆడవాళ్లు పిల్లల దగ్గు గురించి, బియ్యం ధర గురించి మాట్లాడుకున్నారు. ఒకామె కునికిపాట్లు పడింది. నాలుగు గంటలు కొట్టగానే అందరూ లేచి కొంగులు దులుపుకున్నారు. సిపాయి మారాడు. కొత్తగా వచ్చిన ముసలి సిపాయి మాటా పలుకూ లేకుండా చిన్న కిటికీ తెరిచి, గిన్నెలు లోపలికి తీసుకుని, పోయిన వారం గిన్నెలు బయటికిచ్చాడు. బానో ఖాళీ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆయనే కడిగిండు," అంది. "మట్టి పెట్టి తోముతడు. సబ్బు వాసన రాదు."

తిరిగి వచ్చేటప్పుడు నన్నే సాహెబ్ అడిగాడు. "ప్రతి వారం గిట్లనేనా?"

"ఊ."

అంతకుముందు ఎవరూ అడగలేదు కనుక ఆ "ఊ" కూడా ఎవరికీ అందలేదు.

*

సోమవారం ఆయన రోసమ్మకు నడక నేర్పలేదు. ఎక్కడ చూశాడో చెప్పకుండా చూసింది చేసి చూపించాడు. గిన్నె పెట్టడం, కూర్చోవడం, నీడ జరిగితే లేవడం. ఆ పిల్లకు రెండోసారి చెప్పే పని లేకపోయింది. రెండు పూటలు కష్టపడ్డా రాని వేషం, కూర్చోమనేసరికి దానంతటదే వచ్చేసింది.

సాయంత్రం బ్రహ్మచారి రిహార్సల్ చూడడానికి వచ్చాడు. వెనక బెంచీల్లో కుర్రాళ్లు. సిపాయి "పో" అన్నాడు. రోసమ్మ గిన్నె పక్కన పెట్టి కూర్చుంది. కూర్చునే ఉంది. గిన్నె కాస్త జరిపింది.

"ఇదేంది?" అన్నాడు బ్రహ్మచారి. "పద్యమేది? కరుణ యాడుంది ఇందుల?"

"ఏడ్చుకుంట పడిపోతె గిన్నె ఎవరు చూసుకుంటరు సార్?" అంది రోసమ్మ.

కుర్రాళ్లు గొల్లుమన్నారు. బ్రహ్మచారి చెడ్డవాడు కాదు. కానీ రాత్రింబవళ్లు కూర్చుని రాసుకున్న పద్యం అది, పైగా పెద్దవాళ్లు చూడ వస్తున్నారు. "గిన్నెలు జరుపుడు చూడనీకె యూనివర్సిటీ అంత రావాల్నా? వద్దమ్మా, నీతోని కాదు. ఇంటికి పో," అన్నాడు. రోసమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పుస్తకాలు తీసుకుని మెట్లు దిగింది.

బ్రహ్మచారి నన్నే సాహెబ్‌ను తెర చాటుకు లాక్కుపోయాడు. "మీరే కట్టాలె. ఇంకెవరితోని కాదు. పేరు ఒక్కటి... ప్రోగ్రాంల నరసింహారావు అని వేయిస్త. మీరేనని అందరికీ ఎరికే. కాయితం మీదనే గద?"

మాట పూర్తికాకముందే "సరే" అనేశాడు నన్నే సాహెబ్. దాచడమెందుకు, ప్రాణం లేచి వచ్చింది. ఐదు నెలలుగా ఎండిపోయిన మనిషికి దాహం తీరినట్టయింది. ఆ పిల్లను ఎందుకు పంపేశారని అడగాలని కూడా తోచలేదు. కొత్త పేరు సంగతి లైబ్రరీ తాళం వేస్తుంటే గుర్తొచ్చింది. నరసింహారావు. ఒకసారి పైకి అనుకుని చూశాడు. ఎవరో పక్కింటాయన పేరులా ఉంది. అయినా ఆ రోజు అన్నం తృప్తిగానే తిన్నాడు.

మంగళవారం చీర కట్టుకున్నాడు. గాజులు, సవరం, అన్నీ. రిహార్సల్ చూడడానికి సగం కాలేజీ వచ్చింది. సిపాయి "పో" అన్నాడు. నన్నే సాహెబ్ చేతులు నెత్తిన పెట్టుకున్నాడు, గిన్నె కింద పడింది, హాలు చల్లబడింది. పద్యం ఎత్తుకున్నాడు. పాత గొంతు ఎక్కడికీ పోలేదు. ఆఖరి పాదం లాగి లాగి, తిరిగి, మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగిపోయాడు. హాలు మారుమోగింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

కళ్లు మూసుకుని పలకల మీద పడి ఉన్నాడు. ఈ చప్పట్లే కావాలనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇప్పుడేమో ఆ గిన్నె తప్ప ఇంకేమీ తోచడం లేదు. అది ఎటు దొర్లిపోయిందో. తను హాయిగా మూర్ఛపోయి పడి ఉంటే అన్నమంతా మట్టిపాలైంది. దీనికా చప్పట్లు? సిగ్గేసింది. లేచి మళ్లీ పాడమంటే పాడాడు కూడా.

రోసమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, రిహార్సల్ గాజులు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. "మస్తు చేసిన్రు సాబ్," అంది. "నాకైతె జన్మల రాదు." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

*

బుధవారం ఆయన గొంతు పోయింది.

"రావట్లేదు సార్," అన్నాడు బ్రహ్మచారితో, గాలి తప్ప మాట వినపడకుండా. బ్రహ్మచారికి చెమటలు పట్టాయి. మిరియాలు తెప్పించాడు, తేనె తెప్పించాడు, "ఒక్కసారి ఆ అనుండ్రి," అని దగ్గర నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. నన్నే సాహెబ్ పగిలిన కుండలాంటి చప్పుడు చేశాడు. తన జన్మలో ఇంత బాగా నటించింది లేదు. బ్రహ్మచారి ఇల్లు రెండు సందుల అవతలే కాబట్టి ఇంట్లోనూ గుసగుసలే. ఖాసింబీ జ్వరం తగ్గి లేచి కషాయం కాచింది. అదీ తాగాడు. చేదు విషం.

ఆ పిల్లకు న్యాయం చెయ్యాలని కాదు. వేషం మీద ఆశ చచ్చిందనీ కాదు, తెల్లవారేదాకా పద్యం నాలుక మీదే ఆడింది. కానీ ఆ గిన్నెను మళ్లీ పడెయ్యడం ఆయన వల్ల కాలేదు. అలిసిపోయాడు.

బ్రహ్మచారి గత్యంతరం లేక రోసమ్మను పిలిపించాడు. "కూసుంటె కూసో. పద్యం మాత్రం పాడాలె తల్లీ," అని చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

గురువారం సాయంత్రం ఐదింటికే హాలు నిండింది. గొంతు పోయినవాడు ఇంకేం చేస్తాడు, తెర తాడు పట్టుకుని పక్కన నిలబడ్డాడు నన్నే సాహెబ్. ముందు వరసలో ఆఫీసర్లు. పైన బాల్కనీలో స్టాఫు ఇళ్లవాళ్లంతా వచ్చారు. బ్రహ్మచారి అక్క కమలాబాయి, నిరుడు జైలుకు పోయిన ఆ మేనల్లుడి తల్లి, అందరికంటే ముందొచ్చి కూర్చుంది. ఆమె పక్క జాగాలో ఖాసింబీ. రానంటే రానన్న బానోను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వెదురు తెరలు దించాక ఎవరూ కనిపించలేదు.

నాటకం ఏదో నడుస్తోంది. పర్వతాలు పెట్టిన అత్తగారి గొంతుకు జనం బాగానే నవ్వారు. జైలు గేటు దృశ్యం వచ్చింది. సిపాయి "పో" అన్నాడు. రోసమ్మ గిన్నె పెట్టి కూర్చుంది. హాల్లో దగ్గులు మొదలయ్యాయి. వెనక బెంచీల నుంచి ఎవడో, "పాట, పాట!" అని అరిచాడు. ఆమె గిన్నె జరిపింది. ఇంకెవడో ఈల వేశాడు. నన్నే సాహెబ్ అరచేతుల్లో తాడు తడిసిపోయింది. నేనైతే ఈపాటికి కుర్చీలు విరిగేవి అనుకోకుండా ఉండలేకపోయాడు.

సిపాయి మళ్లీ అన్నాడు. "ఇయ్యాల తీసుకోం. ఇంటికి పో." హార్మోనియం శ్రుతి అందుకుంది. రోసమ్మ పద్యానికి లేచి నిలబడింది.

"పోకు చెల్లే!"

పైనుంచి వచ్చింది గొంతు. హార్మోనియం ఆగిపోయింది. ముందు వరస ఆఫీసర్లు సహా అందరూ తలెత్తి వెనక్కి తిరిగారు.

"పోకు. ఆడనే కూసో. వాడు గట్లనే అంటడు. నాలుగింటికి సిపాయి మారుతడు, ముసలాయన వస్తడు. ఆయన తీసుకుంటడు."

నన్నే సాహెబ్‌కు ఆ గొంతును గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఇన్ని మాటలు ఒక్కసారి బానో నోట విని ఎన్నాళ్లయిందని.

బ్రహ్మచారి చీకట్లో పరుగున వచ్చాడు. "తెర దించుండ్రి నన్నే సాబ్! పరువు పోతుంది, తెర!"

తాడు చేతిలోనే ఉంది. ఆయన దించలేదు. స్టేజీ మీద రోసమ్మ తెరల వంక చూసి, తల ఊపి, మళ్లీ గిన్నె పక్కన కూర్చుంది. సిపాయి వేషం కుర్రాడు ఏమనాలో తెలియక ఈటె పట్టుకుని నిలబడిపోయాడు.

"నిజమే బిడ్డా, కూసో," అంది పైన ఇంకో గొంతు, పెద్ద వయసుది. "మా పిలగాడున్నప్పుడు సుత నాలుగింటికే తీసుకునేటోళ్లు. ఎండెక్కుతది, గిన్నె నీడకు పెట్టు."

అది కమలాబాయి. తాడు కోసం చాచిన బ్రహ్మచారి చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది.

"అక్క నాకెన్నడు చెప్పలే," అన్నాడు.

"మనం అడిగినమా సార్?" అన్నాడు నన్నే సాహెబ్, నిండు గొంతుతో. బ్రహ్మచారి ఆ గొంతు సంగతే గమనించలేదు.

ఒక్కరైనా తనను ఎప్పుడైనా చెల్లే అని పిలిచారా? వన్స్ మోర్ అన్నారు, గాజులు ఎక్కడ కొన్నావని అడిగారు. అసూయ పుట్టింది నన్నే సాహెబ్‌కు, గుండె మండేటంత అసూయ. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

"మీరు ఏ దిక్కు కూసునేటోళ్లమ్మా? గోడకా?" బానో అడుగుతోంది పైన, కమలాబాయిని.

"గోడకే. ముసలాయన ఇంకున్నడా? కాలు జెర ఈడుస్తడు..."

"ఉన్నడు, ఉన్నడు. ఆయనే."

హాల్లో ఎవరూ దగ్గలేదు. ముందు వరస నుంచి వెనక బెంచీల దాకా అందరూ నాటకం వదిలేసి, వెదురు తెరల వైపు తిరిగి కూర్చుని, ఆ ఇద్దరు ఆడవాళ్ల మాటలు వింటున్నారు.